జనరల్ షెర్మన్ చెట్టు చుట్టూ కంచె ఉండవలసిందేనా?

శాన్‌హోసే సుబ్బు:
కాలిఫోర్నియాలోని సెకోయా నేషనల్ పార్క్‌కు అమ్మానాన్నలను తీసుకువెళ్లి వచ్చాక ఈ ప్రశ్నను సభ్యుల ముందు ఉంచాలనిపించింది. 275 అడుగుల ఎత్తు, మొదలు దగ్గర దాదాపు 103 అడుగుల చుట్టుకొలత, సుమారు 2,200 ఏళ్ల వయసు ఉన్న జనరల్ షెర్మన్, కాండం ఘనపరిమాణాన్ని బట్టి ప్రపంచంలోనే అతి పెద్ద చెట్టు. పైనున్న పార్కింగ్ నుంచి అర మైలు దిగి వెళ్లాలి. సముద్రమట్టానికి ఏడు వేల అడుగుల ఎత్తున ఆ దారినే తిరిగి ఎక్కడం పెద్దవాళ్లకు తేలిక కాదు. అంత శ్రమపడి చేరుకుంటే కర్రల కంచె ఇవతలే ఆగిపోవాలి. చెట్టుకు ప్రదక్షిణ చేసి, బెరడును ఒకసారి తాకి కళ్లకద్దుకోవాలన్న మా అమ్మ కోరిక తీరనే లేదు. రెండడుగుల మందం వరకు పెరిగే బెరడుతో కార్చిచ్చులనే తట్టుకున్న చెట్టుకు మనిషి చెయ్యి తగిలితే నష్టమేమిటి? ఈ కంచె అనవసరమని నా అభిప్రాయం.

ఫ్రెస్నో నివాసి:
సుబ్బుగారూ, చేతులతో ఆ చెట్టుకు పేచీ లేదు, కాళ్లతోనే. షెర్మన్ లాంటి ఎదిగిన సెకోయా జాతి చెట్టుకు తల్లివేరు ఉండదు. వేర్లు పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతుకు మించి దిగకుండా, కాండం నుంచి వంద అడుగులకు పైగా పక్కలకు పాకుతాయి. నీటిని పీల్చే పీచువేర్లు చాలావరకు నేల పైపొరలోనే ఉంటాయి. రోజూ వేలమంది తొక్కితే మట్టి గట్టిపడి, గాలీ నీరూ లోపలికి ఇంకడం తగ్గిపోతుంది. ఇది కొత్తగా పుట్టిన భయం కాదు. ఈ పార్కులో యాత్రికుల రద్దీ వల్ల పెద్ద చెట్ల వేర్లకు కలిగే హానిని గురించి మైనెకే అనే వృక్షరోగ శాస్త్రవేత్త 1926లోనే నివేదిక రాశారు. అయినా షెర్మన్ ఉన్న జెయింట్ ఫారెస్ట్ వనంలోని బసలను, దుకాణాలను పూర్తిగా తొలగించడానికి ఆ శతాబ్దం చివరిదాకా పట్టింది. 280కి పైగా కట్టడాలను తీసివేశారు. మీకు కష్టమనిపించిన ఆ అర మైలు దారి కూడా, ఒకప్పుడు చెట్టుకు దగ్గరగా ఉన్న పార్కింగ్‌ను దూరంగా తరలించినందువల్ల ఏర్పడినదే.

ఇంకొక సంగతి. 2006 జనవరిలో దాదాపు వంద అడుగుల పొడవు, ఆరడుగులకు పైగా మందం ఉన్న కొమ్మ విరిగిపడి, ఇదే కంచెలో కొంత భాగాన్ని నుజ్జు చేసింది. ఆ సమయానికి కింద ఎవరూ లేకపోవడం అదృష్టం.

పాలమూరు మాస్టారు:
ఆ చెట్టును నేను చూడలేదు గానీ మా ఊరి పిల్లలమర్రిని చిన్ననాటి నుంచి ఎరుగుదును. ఊడలు పట్టుకుని ఊగడం, వాలిన కొమ్మలెక్కి కూర్చోవడం మాకు హక్కులాగా ఉండేది. చెదలు పట్టి, 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలిన తరువాత సందర్శకులను లోపలికి రానివ్వడం మానేశారు. ఆ మరుసటి ఏడు సెలైన్ సీసాల వంటి వాటిని వేలాడదీసి చెట్టుకు చుక్కచుక్కగా మందు ఎక్కించారు. చెదలు మేము తెచ్చినవి కావు, నిజమే. కానీ ఆ స్థితికి వచ్చాక కట్టే కంచె కన్నా ముందుగా కట్టినదే నయమని సుబ్బుకు నా మాట.

విశాఖ వనజ:
మాస్టారూ, కంచె మంచిదే అనుకుందాం. అయితే అది ఏ ప్రమాదాన్ని ఆపుతోంది? కాలిఫోర్నియాలోనే ఉన్న మారిపోసా అనే మరో సెకోయా వనాన్ని అధ్యయనం చేసిన హార్ట్‌స్‌వెల్ట్ అనే శాస్త్రవేత్త 1960లలోనే, మనుషుల తొక్కిడి కన్నా, చిన్న మంటలను దశాబ్దాల తరబడి ఆర్పేస్తూ రావడమే సెకోయాలకు పెద్ద ముప్పని తేల్చారు. సెకోయా కాయలు వేడికి విచ్చుకుని గింజలు రాల్చుతాయి. ఆ గింజ మొలకెత్తడానికి ఆకుచెత్త కాలిపోయిన నేల, పైనుంచి వెలుతురు కావాలి. మంటలను ఆపడంతో ఎండుకట్టె పేరుకుపోయి, 2020 నాటి కాసిల్ ఫైర్ అనే కార్చిచ్చు ఒక్కటే ప్రపంచంలోని పెద్ద సెకోయాలలో పదో వంతుకు తగ్గకుండా చంపేసింది. 2021లో మంటలు జెయింట్ ఫారెస్ట్‌ను సమీపించినప్పుడు షెర్మన్ మొదలుకు అల్యూమినియం కవచం చుట్టారు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. ఏళ్ల తరబడి అక్కడ ముందుజాగ్రత్తగా చేస్తూ వచ్చిన నియంత్రిత దహనాల (ఎండుకట్టె పేరుకోకుండా కావాలని అదుపులో పెట్టే మంటల) ఊసు మాత్రం తక్కువగా వినిపించింది. పేరున్న ఒక చెట్టుకు దక్కే శ్రద్ధ పేరులేని వేల చెట్లకు దక్కడం లేదన్నది నా ఫిర్యాదు.

ఫ్రెస్నో నివాసి:
వనజగారి ఫిర్యాదు న్యాయమైనదే గానీ, దానితో కంచె తీసివేయాలన్న వాదనకు బలం రాదు. మంట వేరే సమస్య, తొక్కిడి వేరే సమస్య. పైగా జనమంతా ఒక్క షెర్మన్ దగ్గర గుమిగూడడం వల్లనే మిగతా వనం కొంత ఊపిరి పీల్చుకుంటోందని నేననుకుంటాను.

శాన్‌హోసే సుబ్బు:
వేర్ల సంగతి ఒప్పుకుంటున్నాను. ప్రదక్షిణ మాట ఇక ఎత్తను. కానీ తాకాలన్న కోరిక తప్పని మాత్రం ఒప్పుకోను. 1937లో కూలిన చెట్టుకు మరుసటి ఏడు సొరంగం తొలిచి కార్లు వెళ్లేలా చేసిన టన్నెల్ లాగ్ అదే పార్కులో ఉంది. చచ్చిన ఆ మానును ఎందరు తాకినా హాని లేదు గనుక, అలాంటి కూలిన మొద్దును ఒకదాన్ని షెర్మన్ దారి పక్కనే ఉంచి, తాకవచ్చని బోర్డు పెట్టమంటాను. దీనికీ అభ్యంతరముంటే చెప్పండి.