ఒక చోట చేసి చూడాలా, అందరికీ ఒకేసారి పెట్టాలా? (బడి టిఫిన్ గొడవ)

కోడంబాక్కం కుర్రాడు:
ఏ పథకమైనా ముందు ఒక చోట చేసి చూడాలా, అందరికీ ఒకేసారి పెట్టాలా అని ఆదివారం చెన్నైలో మా తెలుగు సంఘం మీటింగులో మొదలైన వాదన వాట్సాప్‌లో తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా. తమిళనాడు బళ్ళలో పొద్దుటి టిఫిన్ 2022 సెప్టెంబరులో 1,545 ప్రభుత్వ బళ్ళతో మొదలైంది. 2023 ఆగస్టుకి 31 వేల బళ్ళకు వెళ్ళింది. 2024లో పల్లెల్లోని ఎయిడెడ్ బళ్ళు (సర్కారు సాయంతో నడిచే ప్రైవేటు బళ్ళు), 2025 ఆగస్టులో పట్టణాల ఎయిడెడ్ బళ్ళు చేరాయి. పెద్ద సమస్యకు ఇదే సరైన దారి అని నేనంటాను. చిన్నగా మొదలుపెట్టాలి, ఉప్మా ఎక్కడ మాడుతోందో చూడాలి, దిద్దుకుని పెంచాలి. మా ఆఫీసులో కొత్త ఫీచర్ కూడా ముందు నూటికి ఇద్దరికే ఇచ్చి చూస్తాం. మీరేమంటారు?

పాత మాంబళం:
బాబూ, నేను నీళ్ళ పని చూసే ఇంజినీరుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. 2003లో ప్రతి ఇంటికీ వాన నీటి గొయ్యి ఉండి తీరాలని ఆర్డినెన్సు వచ్చింది. గొయ్యి లేకపోతే నీళ్ళ కనెక్షన్ కోస్తామన్నారు. చిన్న ఇల్లు, బంగళా, సర్కారీ ఆఫీసు, అన్నిటికీ గడువు. ఆ తర్వాత వానలు పడ్డాయి, మా వీధి బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి. ముందు ఒక వీధిలో చేసి చూద్దామని కూర్చుంటే ఆ వీధి కమిటీలో కాఫీ ఎవరు తేవాలన్న దగ్గరే ఉండేవాళ్ళం.

ఫిల్టర్ కాఫీ:
తవ్వడం తవ్వారు సార్. మా అపార్ట్‌మెంట్ గొయ్యిలో ఇప్పుడు వాచ్‌మన్ చీపుళ్ళు దాచుకుంటున్నాడు. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్న ఊరు మనది.

పాత మాంబళం:
అది నిర్వహణ తప్పు. ఆర్డరు తప్పు కాదు.

కోడంబాక్కం కుర్రాడు:
నేను చెప్పేదీ అదే సార్. తవ్వించడానికి గడువు పెట్టారు. ఏటా వచ్చి ఇసుక, కంకర కడిగారో లేదో చూసే మనిషిని పెట్టలేదు. మన బడి భోజనం చూడండి. 1920లో, త్యాగరాయ చెట్టిగారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, థౌజండ్ లైట్స్ పేటలోని ఒక్క బడిలో మొదలుపెట్టారు. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. 1925లో బ్రిటిష్ వాళ్ళు ఆ ఖర్చు కుదరదన్నారు, ఆగిపోయింది. 1956లో ముఖ్యమంత్రి కామరాజ్ ఊరి చందాలు కలిపి మళ్ళీ నడిపించారు. 1982లో ఎంజీఆర్ దాన్ని పెద్దది చేశారు. తర్వాత గుడ్డు చేరింది. వందేళ్ళుగా దిద్దుకుంటూనే ఉన్నారు.

నెల్లూరు మెస్:
గుడ్డు పెట్టింది కూడా ఎంజీఆరే.

కోడంబాక్కం కుర్రాడు:
కాదండీ. 1989లో, కరుణానిధి హయాంలో. మొదట రెండు వారాలకొకటి.

నెల్లూరు మెస్:
మా బావగారు 1984లో ఇక్కడే చదివారు. గుడ్డు తిన్నానంటున్నారు. బావగారు అబద్ధం చెప్పరు.

పాత మాంబళం:
గుడ్డు సంగతి వదిలేయండి. ఎంజీఆర్ దగ్గర ఆగండి. 1982 జులైలో పల్లెలన్నిటికీ ఒకేసారి, సెప్టెంబరులో పట్టణాలకు. ఇన్ని లక్షల మందికి రోజూ ఎలా వండుతారు, ఖజానా ఏమైపోతుంది అన్నారు. ఆయన నూటికి ఇద్దరికి పెట్టి చూడలేదే! నువ్వు చెప్పిన చరిత్రే నా వైపు సాక్ష్యం చెబుతోంది.

గిండీ హాస్టల్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. దీని మీద హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మాట్ ఆండ్రూస్, లాంట్ ప్రిచెట్, మైకేల్ వుల్కాక్ అనే పరిశోధకులు 2012 నుంచి రాస్తున్నారు. సమస్య ఏమిటో దాన్ని పడేవాళ్ళతో కూర్చుని తేల్చుకోవాలి. చిన్న అడుగు వెయ్యాలి, వెంటనే ఫలితం చూడాలి, అడుగు మార్చాలి. ఇంకో దేశం పద్ధతిని అచ్చంగా దించుకుంటే బోర్డు ఉంటుంది, ఆఫీసు ఉంటుంది, లోపల పని ఉండదు అంటారు.

పాత మాంబళం:
మొదటి అట్టు పెనానికి అంటుకుంటుందని మా అమ్మకు ఏ హార్వర్డూ చెప్పలేదు.

టీచరమ్మ:
ఆ అంటుకున్న అట్టు ఎవరి పళ్ళెంలో వేస్తారన్నదే నా ప్రశ్న. అసలు వేస్తారా అన్నది ఇంకో ప్రశ్న. నేను చెన్నైలో ఒక ఎయిడెడ్ ప్రాథమిక బడిలో పనిచేస్తాను, పేరు వద్దు. గోడ అవతలే కార్పొరేషన్ బడి. 2023 నుంచి అక్కడ పొద్దున్నే పొంగలి. మా వైపు పిల్లలు కూడా ఇళ్ళలో పనిచేసే అమ్మల పిల్లలే, ఆ అమ్మలు ఆరింటికే బయల్దేరతారు. అన్నకు అటు, చెల్లికి ఇటు సీటు దొరికిన ఇల్లు కూడా ఉంది. అన్న తిని వస్తాడు. చెల్లి రెండో పీరియడ్‌కి బల్ల మీద తల పెడుతుంది. రెండేళ్ళు చూశాను. మీ ప్రయోగంలో నేర్చుకున్నది ఏమిటో చెప్పండి. ఎయిడెడ్ బడి పిల్లలకు కూడా ఆకలేస్తుందనా?

కోడంబాక్కం కుర్రాడు:
మేడమ్, బాధ అర్థమైంది. కానీ డబ్బు, వంట మనుషులు, గ్యాస్, అన్నీ ఒక్కరోజులో రావు కదా. దశలవారీగా తప్పదు.

టీచరమ్మ:
దశలవారీ సంగతి నాకు చెప్పకు బాబూ. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం కూడా దశలవారీయే. ఆ ఏడాది ఒకటో తరగతి, పై ఏడాది రెండు, అలా ఏడాదికో మెట్టు. 2016 పదో తరగతి పరీక్షల దాకా వచ్చింది. తమిళం నేర్చుకోవద్దని నేను అననే అనను, నేనూ నేర్చుకున్నాను. తెలుగు మీడియం పిల్లలకు తమిళం చెప్పే టీచరు ఉన్నారా అని ఆ పదేళ్ళలో ఏ మెట్టు దగ్గరైనా ఆగి అడిగారా? చివరికి మైనారిటీ భాషల పిల్లలు పరీక్షల ముందు మద్రాసు హైకోర్టుకు పరుగెత్తి ఆ ఏడాదికి మినహాయింపు తెచ్చుకున్నారు. మీరు దీన్ని కూడా చేసి చూసి దిద్దుకోవడం అంటారేమో.

నెల్లూరు మెస్:
భాష గొడవ ఇక్కడెందుకమ్మా? టిఫిన్ గురించి కదా.

టీచరమ్మ:
మీరు గుడ్డు గురించి మాట్లాడుకోండి.

గిండీ హాస్టల్:
మేడమ్ చెప్పింది టిఫిన్ గురించే. మెట్టు మెట్టుగా ఎక్కడం వేరు, ప్రతి మెట్టు మీదా కాలు నొప్పి పుడుతోందా అని చూసుకోవడం వేరు. 2013లో బడి భోజనంలో రకరకాల అన్నాలు, మసాలా గుడ్లు ముందు జిల్లాకో బ్లాకులో పెట్టి, తర్వాత రాష్ట్రమంతా ఇచ్చారు. అది మార్చి చూడటం. ఎయిడెడ్ పిల్లలను ఆపడం క్యూ. క్యూలో ప్రయోగం ఏముంది? 2001 నవంబరులో సుప్రీంకోర్టు బళ్ళలో వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలకు చెప్పినప్పుడు ప్రభుత్వ బడి, ఎయిడెడ్ బడి రెండూ అని రాసింది. ముందు సగం జిల్లాలు, అవీ పేదవి, మూడు నెలల్లో. మిగతావి ఇంకో మూడు నెలల్లో. ఎవరు ముందు, ఎంతకాలం అన్నది కాగితం మీదే ఉంది.

పాత మాంబళం:
అమ్మా, మీరు నా పక్షమే. గడువు ఉండాలి.

టీచరమ్మ:
కాదు మాస్టారూ, మీ పక్షం కాదు. మీ గొయ్యిలో చీపుళ్ళున్నాయి.

పాత మాంబళం:
సరే, చెప్పేస్తాను. నా సర్వీసులో నాలుగు సార్లు ‘ట్రయల్’ అని రాసిన పని మొదలుపెట్టాను. ఒకసారి రెండు వీధుల్లో మీటర్లు బిగించాం. ఆర్నెల్లకు నన్ను బదిలీ చేశారు. వచ్చినాయన మీటర్ల వైపు తిరిగి చూడలేదు. జనం తిట్టింది మాత్రం నన్నే. మన దగ్గర చేసి చూద్దాం అంటే ‘చేద్దాం’ వరకే. ‘చూద్దాం’ అన్నవాడు ఆ సీట్లో ఉండడు. అందుకే అందరి మీదా ఒకేసారి పడితేనే పని నిలుస్తుందని నా నమ్మకం. అప్పుడు కోపమొచ్చేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు, ఎవడో ఒకడు అడుగుతాడు. రెండు వీధుల వాళ్ళు అరిస్తే ఎవరికి పట్టింది?

కోడంబాక్కం కుర్రాడు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాదు సార్. మా దగ్గర ఆ ఇద్దరు యూజర్లు తిడితే పది నిమిషాల్లో మా స్క్రీన్ మీద కనిపిస్తుంది. మా మేనేజరుకి బదిలీ అయినా స్క్రీన్‌కి కాదు. బడిలో ఆ స్క్రీన్ ఏదో నేను ఆలోచించలేదు.

టీచరమ్మ:
నేను చెబుతాను. 2025 ఆగస్టు నుంచి మాకూ టిఫిన్ వస్తోంది, సంతోషం. ఉప్మా రోజున సగంమంది వదిలేస్తున్నారు, కిచిడీ రోజున అడిగి మరీ వేయించుకుంటున్నారు. ఎంతమంది తిన్నారో నేను రోజూ లెక్క రాస్తాను. ఎంత పారేశారో రాయడానికి గడి లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాస్తున్నా.

ఫిల్టర్ కాఫీ:
పెన్సిల్ ఎందుకు మేడమ్? పెన్నుతో రాయండి.

టీచరమ్మ:
పెన్నుతో రాస్తే ‘ఎందుకు రాశారు’ అని అడుగుతారు.

నెల్లూరు మెస్:
బావగారికి ఫోన్ చేశాను. తిన్నది గుడ్డు కాదట, ఉడికించిన శనగలట. సంవత్సరం మాత్రం 1984యే అంటున్నారు.