పాటకచ్చేరిలో మెలోడీలు ఎన్ని, బీట్ పాటలు ఎన్ని? మా బ్యాండ్‌లో ఇదే గొడవ

కీస్_శీను:
మాది తెనాలి పక్కన ఎనిమిది మంది ఆర్కెస్ట్రా అండి. రిసెప్షన్లు, సంగీత్‌లు, చవితి పందిళ్లు, దసరాకి గుళ్ల దగ్గర ప్రోగ్రాములు చేస్తుంటాం. మూడు గంటలకి ముప్పై పాటలు దాకా పడతాయి. ఇన్నాళ్లూ సగం మెలోడీ సగం బీట్ అని లాగించేశాం, ముందు వినాయకుడి పాట, తర్వాత రెండు పాతవి, ఆ తర్వాత కలుపుకుంటూ పోవడం, ఆఖర్లో అరగంట ఫుల్ మాస్. ఇప్పుడు మా డ్రమ్స్ కుర్రాడు ముప్పైలో మెలోడీలు నాలుగు చాలు, అవి కూడా మొదటి అరగంటలోనే కానిచ్చేద్దాం అంటున్నాడు. మాలో ఇంకొకాయన మెలోడీ తీసేస్తే అది కచేరీ కాదు డీజే అంటున్నారు. ప్రాక్టీస్ మానేసి ఇదే వాదన. మీ బ్యాండ్లలో ఎలా చేస్తున్నారు, దీనికి ఏదైనా లెక్క ఉందా?

పక్కతాళం:
డీజేనే పెట్టుకోమనండి, గొడవ వదిలిపోతుంది.

ప్యాడ్స్_ప్రసాద్:
శీనన్నా, మీ డ్రమ్మర్ చెప్పిందాంట్ల తప్పేముంది? నేను కూకట్‌పల్లి, మియాపూర్ దిక్కు సంగీత్‌లకి ప్యాడ్స్, అంటే కరెంటు డ్రమ్స్, వాయిస్త. జనం ఇప్పుడు కూసోని వినడానికి వస్తలేరు, ఎగరడానికి వస్తున్నరు. ఇన్‌స్టాల పెట్టుకోనీకి వీడియో గావాలె. మెలోడీ పాడుతుంటే ఎవడన్న ఫోన్ తీస్తడా? పోయిన పెళ్లిళ్ల సీజన్ల ఒక ఫంక్షన్ హాల్ల మా సింగర్ వరసబెట్టి మెలోడీలే ఎత్తుకున్నడు, నేను ప్యాడ్ మీద చేతులు పెట్టుకోని కూసున్న. పెళ్లికొడుకు దోస్తులు బయట పార్కింగుల కారు డోర్లు తెరిచి సౌండ్ పెట్టుకోని ఎగురుడు షురూ చేసిండ్రు, లోపల మా ముంగట అత్తమ్మలు, తాతలు మిగిలిండ్రు. తెల్లారి బ్యాలెన్స్ అడగవోతే బ్యాండ్ డల్‌గ ఉండె అని పైసలు కోసిండ్రు. కోసిన పైసలు మెలోడీ పాడినోని వాటాలకెంచి పోలే, అందరి వాటాలకెంచి పోయినయ్. నా లెక్క నాలుగు బీట్‌లకి ఒక మెలోడీ, గంతే.

వేణునాదం:
ప్రసాద్ గారూ, తాతలు మిగిలారు అంటున్నారే, ఆ పెళ్లికి డబ్బు కట్టింది ఆ తాతలే కదండీ! రిసెప్షన్లో కుర్రాళ్లు లేచి వెళ్లేది మెలోడీ భరించలేక కాదు, బిర్యానీ వాసన వచ్చి.
గీతాంజలి క్యాసెట్ (1989) తీసుకోండి. ఇళయరాజా గారు అందులో జగడ జగడం పెట్టారు, జల్లంత కవ్వింత పెట్టారు, ఆమని పాడవే కూడా పెట్టారు. ఇప్పటికీ ఆ మూడూ పాడమని చీటీలు వస్తాయి. ఒక్క సినిమాలో జనం మూడు రకాలూ విన్నప్పుడు మూడు గంటల కచేరీలో వినలేరా? ఇంకో సంగతి, వరసగా మాస్ పాటలే పాడుకుంటూ పోతే కాసేపటికి సింగర్ శ్రుతి కిందికి జారిపోతుంది, పై షడ్జం, అంటే పై స దగ్గర అరుపే గానీ స్వరం రాదు. మెలోడీ కింద కూర్చున్నవాళ్ల కోసమే అనుకుంటున్నారు, స్టేజీ మీద వాళ్ల గొంతు కోసం కూడా. డ్రమ్మర్ చేతుల కోసం కూడా.

ప్యాడ్స్_ప్రసాద్:
నా చేతులు మంచిగనే ఉన్నయ్ మాస్టారూ. గొంతు వోతే రెండో సింగర్‌ని పెట్టుకోవాలె, పాటలు మార్చుడేంది. 1989 ముచ్చట ఇప్పుడెందుకు?

గుంటూరు_మిర్చి:
ఒక డౌటు. ఊ అంటావా మావా ఏ లెక్కలోకి వస్తుంది? అది స్పీడు పాట కాదు కదా, ఇంద్రావతి చౌహాన్ కింది గొంతుతో నిదానంగానే పాడింది. అయినా జనం లేస్తారు.

ప్యాడ్స్_ప్రసాద్:
బీట్ పాటే. అడిగేదేముంది.

గుంటూరు_మిర్చి:
బీట్ ఉంది అంటే ఒప్పుకుంటా. ఫాస్ట్ అంటే ఒప్పుకోను.

ప్యాడ్స్_ప్రసాద్:
ఫాస్ట్ అని నేనెక్కడన్న? పైకి వొయ్యి చదువు.

గుంటూరు_మిర్చి:
మరి ఫాస్ట్ కాని పాటకి జనం లేస్తున్నప్పుడు మీ నాలుగుకి ఒకటి లెక్క ఎట్లా నిలబడుతుంది?

పెరుగన్నం_పార్టీ:
పెరుగన్నం తినకుండా భోజనం అయినట్టు ఉంటుందా? చివర్లో ఒక్క మెలోడీ ఉండాల్సిందే.

ప్యాడ్స్_ప్రసాద్:
ఆఖర్ల మెలోడీ పెడితే వినేది షామియానా విప్పేటోళ్లే.

డాలస్_బాబాయ్:
ఇక్కడ మా అసోసియేషన్ ఉగాదికి, దీపావళికి మేమే బ్యాండ్. పగలు సాఫ్ట్‌వేర్, వారాంతం గ్యారేజీలో ప్రాక్టీస్. మా తంటా వేరు. పిల్లలకి తెలుగు పాట అంటే నాటు నాటు. 2023లో ఆస్కార్ వచ్చాక అది లేకుండా ప్రోగ్రాం చేస్తే ఊరుకోరు. అది ముందే పాడేస్తే పిల్లలంతా స్టేజీ కిందకి చేరి మళ్లీ అదే అంటారు, ఆఖర్న పాడదాం అంటే అప్పటికి సగం మంది కారు సీట్లలో నిద్రపోతుంటారు. మేం ఇంటర్వెల్‌కి ముందు పాడతాం, పాట అవగానే డిన్నర్ అని అనౌన్స్ చేసేస్తాం. మెలోడీలన్నీ ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడినప్పుడు. అప్పుడు ఎవరూ డాన్స్ అడగరు, హాయిగా వింటారు. ఒక పెద్దాయన మాత్రం ప్రతిసారీ శివశంకరి అని చీటీ పంపుతారు, ఘంటసాల గారి ఆ పాట ఎత్తుకునే దమ్ము మాలో ఎవరికీ లేదు.

పక్కతాళం:
శివశంకరి మెలోడీనా, బీటా?

వేణునాదం:
చివర్లో ఆ స్వరాల దగ్గర మృదంగం వాయించి చూడు నాయనా, తెలుస్తుంది.

సౌండ్‌బాక్స్_రాజు:
మీరందరూ లెక్కలు వేస్తున్నారు గానీ గడియారం చూడట్లేదు. ఆరుబయట రాత్రి పది దాటితే మైకు కట్. 2000లో వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు, పండగలకి ప్రభుత్వం పర్మిషన్ ఇస్తే పన్నెండు దాకా, అది కూడా ఏడాదిలో 15 రోజులు మించకుండా. తలుపులు మూసిన హాలు అయితే వేరే సంగతి. చవితి పందిట్లో ప్రోగ్రాం ఏడింటికి అని బ్యానర్ కడతారు, కమిటీ పెద్దలొచ్చి ఒకళ్లకొకళ్లు శాలువాలు కప్పుకుని మొదలయ్యేసరికి ఎనిమిది ముప్పావు అవుతుంది. ఆఖర్లో అరగంట ఫుల్ మాస్ అని దాచుకున్న బ్యాండ్లకి ఎన్నిసార్లు నా చేత్తో నేనే మెయిన్ ఆఫ్ చేశానో, పక్కన ఎస్సై గారు నిలబడి ఉంటే ఏం చేస్తాం. పందిట్లో అయితే మాస్ తొమ్మిదింటికే మొదలెట్టాలి శీను గారూ, మీ ఆర్డర్ అక్కడ పనికిరాదు.
ఇంకోటి. మాస్ పాట అయిన వెంటనే మెలోడీ ఎత్తుకోకండి బాబూ. సబ్‌లు, అంటే బేస్ స్పీకర్లు, అదే లెవెల్లో ఉంటాయి, ఫ్లూట్ మైకు తెరవగానే కూ అని మొదలవుతుంది. పైగా ఆ ఈలల్లో పాటకి ముందొచ్చే బిట్ ఎవడికీ వినపడదు, పల్లవి వచ్చాక గానీ ఏ పాటో తెలియదు. మధ్యలో యాంకర్ చేత నాలుగు ముక్కలు మాట్లాడించండి, ఈలోపు నేను సౌండ్ ఫేడర్లు దించుకుంటా.

కీస్_శీను:
రాజు గారూ ఇది బాగుంది. పందిరికి ఒక ఆర్డర్, హాలుకి ఒక ఆర్డర్ రాసుకుంటాం.

స్వర_లత:
ఇందాకట్నుంచీ చదువుతున్నాను, అందరూ జనం జనం అంటున్నారు. నేను ఖమ్మంలో ఒక బ్యాండ్‌లో పాడతాను. నాలుగు బీట్లకి ఒక మెలోడీ అంటే ఆ మూడు గంటలు నా పనేంటో ఒక్కరు చెప్పండి. ఇప్పుడొచ్చే మాస్ పాటల్లో ఆడగొంతుకి రెండు ముక్కలు ఇస్తారు, లేకపోతే ఐటమ్ పాట. ఆ ఐటమ్ పాట మొదలెట్టగానే మందు కొట్టినవాళ్లు స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చేస్తారు, మావాళ్లు వాయించడం ఆపరు, నేను నవ్వుతూ వెనక్కి జరుగుతూ పాడాలి. ఒకసారి ఒకతను నోట్ల కట్ట నా మొహం మీదే విసిరాడు. పాట సూపర్ హిట్ అయింది అన్నారు మావాళ్లు.
బీట్ వద్దని నేను అనట్లేదు. జల్లంత కవ్వింత బీట్ కాదా? చిత్ర గారు ఒక్కరే పాడిన పాట, ఎవరు ఎగిరినా ఎగరకపోయినా నాకు పాడటానికి ఏదో ఉంది అందులో. అబ్బనీ తియ్యనీ దెబ్బ పెట్టండి, బంగారు కోడిపెట్ట పెట్టండి, ఆ రెండోది 1992లో వచ్చింది, 2009లో మగధీరలో మళ్లీ పెట్టారు కాబట్టి అమ్మమ్మలకీ తెలుసు కుర్రాళ్లకీ తెలుసు. మీ కాగితంలో స్లో, ఫాస్ట్ అని రెండే గడులున్నాయి. ఎవరు పాడతారు అనే గడి లేదు.

సౌండ్‌బాక్స్_రాజు:
నోట్లు విసిరే చోట నేనైతే మైకు ఆపేస్తా అక్కా. ఆపాను కూడా.

ప్యాడ్స్_ప్రసాద్:
లతక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంటున్న, కోడిపెట్టకి హాలు మొత్తం లేస్తది. నాకు మీతోటి పంచాయితీ లేదు. మాస్టారుతోటే ఉంది. మాస్టారూ, మీరు ఫ్లూట్ గద? ముప్పై పాటలల్ల మీరు వాయించేది ఎనిమిది. మిగిలిన టైమంత కుర్చీల కూసోని వాటా మాత్రం సమానం తీసుకుంటరు. ఇది మెలోడీ మీద ప్రేమ కాదు, వాటా మీద ప్రేమ.

వేణునాదం:
నేను ఫ్లూట్ అని ఎవరు చెప్పారు నీకు?

పక్కతాళం:
పేరే వేణునాదం కద సార్.

వేణునాదం:
పేరు సంగతి సరే. ఎనిమిది పాటలు అన్న లెక్క ఎక్కడిది? పైన శీను రాసిన దాంట్లో అది లేదు. ఆ మాట మా ప్రాక్టీసు రూంలో అనుకున్నది. శీనూ, నువ్వు పైన రాసిన ఆ ఇంకొకాయన నేనే అని ఇందరిలో చెప్పాల్సిన పని లేదనుకున్నాను. కానీ హైదరాబాద్ ఆయనకి నా పాటల లెక్క ఎలా తెలిసిందో చెప్పు.

ప్యాడ్స్_ప్రసాద్:
నన్నెందుకు అంటరు? శీనన్న నాకు ఫోన్ చేసి ప్యాడ్‌ల ఫ్లూట్ బిట్లు లోడ్ చేసుకోవచ్చా, ఎంతయితది అని అడిగిండు. అయితది అన్న. గంతే.

గుంటూరు_మిర్చి:
ఓహో.

డాలస్_బాబాయ్:
ఇప్పుడు అసలు పాట మొదలైంది.

కీస్_శీను:
మాస్టారూ ఒక్క నిమిషం వినండి. మిమ్మల్ని తీసేద్దామని కాదు. ఈవెంట్ మేనేజర్లు వచ్చే సీజన్‌కి ఐదుగురి రేటే ఇస్తాం అంటున్నారు. డీజే అయితే ఒక్కడు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తాడు, మాకైతే వ్యాను కావాలి, ఎనిమిది మందికి భోజనాలు కావాలి, దూరం ఊరైతే రూములు కావాలి. తబలా బాబాయ్ సంగతి కూడా ఇదే. మెలోడీలు తగ్గితే ఇద్దరు తగ్గుతారు, అప్పుడు ఆ రేటుకి గిట్టుబాటు అవుతుంది అని డ్రమ్స్ కుర్రాడు అన్నాడు. నేను సరే అనలేదు. కనుక్కుందామని ఫోన్ చేశానంతే.

వేణునాదం:
అయితే నువ్వు అడగాల్సింది మెలోడీలు ఎన్ని అని కాదు, మనుషులు ఎంతమంది అని. దానికి స్లో ఫాస్ట్ అని ముసుగు ఎందుకు వేశావు? నా సంచీలో ఒక్కో శ్రుతికి ఒక్కో ఫ్లూట్ ఉంటుంది, లత లాంటి అమ్మాయి వచ్చి ఇవాళ గొంతు బాలేదు అరశ్రుతి దించండి అంటే నేను ఫ్లూట్ మారుస్తాను. సింగర్ చరణం చివర ఒక సంగతి ఎక్కువ వేస్తే ఆగుతాను, అది అయ్యాక అందుకుంటాను. ప్యాడ్‌లో పెట్టిన బిట్ ఆగుతుందా?

ప్యాడ్స్_ప్రసాద్:
చెవుల క్లిక్, అంటే తాళం టిక్‌టిక్, పెట్టుకోని పాడితే ఆగాల్సిన పని లేదు మాస్టారూ. శ్రుతి గూడ బటన్ నొక్కితే మారుతది.

స్వర_లత:
బటన్ నొక్కితే మారుతుంది, నిజమే. క్లిక్ మీద నేనూ పాడాను. జనం వన్స్ మోర్ అన్నప్పుడు పల్లవి ఇంకోసారి తిప్పుదామంటే రికార్డు చేసిన ట్రాక్ నన్ను వదిలేసి చరణంలోకి వెళ్లిపోయింది. ప్రసాద్ అన్నా, క్లిక్ అలవాటైతే రేపు ప్యాడ్స్ కూడా ట్రాక్‌లోనే వస్తాయి, మీ రేటు కూడా ఎవరో ఒకరు ఇలాగే అడుగుతారు.

ప్యాడ్స్_ప్రసాద్:
నా ప్యాడ్స్ ట్రాక్‌ల రావు. మనిషి కొట్టింది వేరే ఉంటది.

వేణునాదం:
ఓహో, మనిషి కొట్టింది వేరే ఉంటుందా!

పక్కతాళం:
😂😂

సౌండ్‌బాక్స్_రాజు:
శీను గారూ, ఆదివారం ప్రోగ్రాం హాల్లోనా, ఆరుబయటా? అది చెప్పండి ముందు.

కీస్_శీను:
హాల్లోనే, రిసెప్షన్. ఎనిమిది మందిమీ వెళ్తున్నాం. వినాయకుడి పాట, ఒక పాతది, అక్కడి నుంచి డైరెక్ట్‌గా కోడిపెట్ట. భోజనాలు మొదలయ్యాక మెలోడీలు వరసగా, మాస్టారు, తబలా బాబాయ్ అప్పుడు పూర్తిగా ఉంటారు. తర్వాత మాస్. చీటీలు వస్తే ఆపి చదువుతాం. మేనేజర్ రేటు సంగతి సీజన్ ముందు అందరం కూర్చుని మాట్లాడదాం మాస్టారూ, ఫోన్లో కాదు.

ప్యాడ్స్_ప్రసాద్:
భోజనాలప్పుడు ఎన్ని మెలోడీలు? ఎనిమిది దాటితే కుర్రగాళ్లు బయటికి పోతరు, రాసి పెట్టుకో.

వేణునాదం:
ఆదివారం వస్తాను. అయితే పాత లెక్క ముందు తేల్చు. చవితి డబ్బులు సగమే పంపావు, దసరావి అసలు రాలేదు.

కీస్_శీను:
చవితి మిగతా సగం ఇప్పుడే ఫోన్‌పే చేశాను మాస్టారూ, చూసుకోండి. దసరావి కమిటీ వాళ్లు నాకే ఇంకా ఇవ్వలేదు, వాళ్ల ట్రెజరర్ ఫోన్ ఎత్తట్లేదు.