సొంతిల్లు అద్దెకిస్తే రాబడి శాతం ఏ మొత్తం మీద లెక్క కట్టాలి?

ప్రశ్న:
ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి అద్దెకిద్దామనుకుంటున్నాం. కొన్నది 25 లక్షలకి, ఇప్పుడు 60 పలుకుతోంది. అప్పు ఇంకా 18 లక్షలుంది, వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ 20 వేలు. అద్దె కూడా నెలకి 20 వేలు వస్తుంది. ఏడాదికి 2.4 లక్షలు, 25 లక్షల మీద చూస్తే 9.6 శాతం. ఈ లెక్క సరైనదేనా? మేం వేరేచోట కట్టబోయే అద్దె ఇందులోంచి తీసేయాలా?

జవాబు 1:
25 లక్షల సంగతి వదిలేయండి, అది పాత ధర. ఇవాళ అమ్మితే చేతికి ఎంత వస్తుందో అదే మీ పెట్టుబడి. 60లో అప్పు 18, అమ్మకం ఖర్చులు ఓ 2 పోతే 40 లక్షలు. అద్దెకిచ్చే ముందు రంగులకీ రిపేర్లకీ 1.5 వేసుకోండి. మొత్తం 41.5.

అద్దె 12 నెలలూ రాదు. ఒక నెల ఖాళీ ఉంటుందనుకుంటే 2.2 లక్షలు. ఇంటి పన్ను, బీమా, మెయింటెనెన్స్ కలిపి 36 వేలు, రిపేర్లకి 24 వేలు తీస్తే మిగిలేది 1.6 లక్షలు. మొదటి ఏడాది ఈఎంఐల్లో వడ్డీ దాదాపు 1.5 లక్షలు, అసలు 90 వేలు. అసలు తీరడం ఖర్చు కాదు, అది మీ ఆస్తిలోనే చేరుతుంది. కాబట్టి లాభం 10 వేలు, అంటే పావు శాతం కూడా లేదు. జేబులోంచి మాత్రం ఏటా 80 వేలు ఎదురు కట్టాలి. అద్దె ఈఎంఐకి సరిపోతుందిలే అన్న ధీమా దెబ్బతినేది ఇక్కడే.

మీరు కట్టబోయే అద్దె ఇందులో కలపకండి. ఇల్లు అమ్మినా ఉంచుకున్నా అది కట్టక తప్పదు.

జవాబు 2:
రిపేర్లకి 24 వేలు చాలవు. ఒక్కోదాన్నీ అది ఎన్నేళ్లు మన్నుతుందో దాంతో భాగించండి. రంగులు 80 వేలు, 4 ఏళ్లు: ఏటా 20 వేలు. డాబా లీకేజీ పని 60 వేలు, 6 ఏళ్లు: 10 వేలు. గీజరు, మోటారు 30 వేలు, 10 ఏళ్లు: 3 వేలు. కుళాయి వాషర్ దాకా రాకముందే 33 వేలయింది.

ప్రశ్న అడిగినవారు:
మరి ఇంటి ధర పెరుగుతుంది కదా?

జవాబు 1:
పెరగాలి, మీ లెక్కంతా దాని మీదే నిలబడింది. ఎక్సెల్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ వాడండి, తేదీలవారీగా పెట్టిన, వచ్చిన డబ్బుని బట్టి ఏడాది రాబడి శాతం చెప్పే ఫార్ములా అది. మొదటి తేదీకి మైనస్ 41.5, ఎదురు కట్టే 80 వేలకి ఏటా మైనస్ 0.8, అమ్మే రోజుకి ధరలోంచి మిగిలిన అప్పూ అమ్మకం ఖర్చూ తీసిన మొత్తం ప్లస్‌లో. మైనస్ గుర్తులు మర్చిపోతే ఎర్రర్ వస్తుంది. అద్దె పెంచకుండా, ధర ఏటా 5 శాతం పెరిగితే, 5 ఏళ్లకి విలువ 76.6 లక్షలు, అప్పు 12.6కి దిగుతుంది. అమ్మకం ఖర్చు 2.5 తీస్తే చేతికి 61.5. రాబడి 6.5 శాతం దగ్గర తేలుతుంది. రిస్క్ లేని డిపాజిట్ ఎంత ఇస్తోందో పక్కన పెట్టి చూడండి. ధర పెరుగుదలని 2 శాతానికి దించి కూడా ఒకసారి నడపండి.

జవాబు 3:
పన్నులు చూడకుండా తేల్చకండి. కొన్ని దేశాల్లో సొంతంగా ఉన్న ఇల్లు అమ్మితే లాభంపై మినహాయింపు ఉంటుంది, అద్దెకిచ్చి కొన్నేళ్లు దాటితే అది పోవచ్చు. అద్దెకి మార్చే రోజున ఇంటి విలువ మదింపు రిపోర్టు తీసి ఉంచుకోండి. బీమా కంపెనీకీ అప్పిచ్చిన బ్యాంకుకీ ముందే రాతపూర్వకంగా చెప్పండి. యజమానే ఉంటాడని ఇచ్చిన పాలసీ అయితే అద్దెదారు ఉండగా జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించవచ్చు.