ఆ రోజులే బాగుండెనా? మరి ఆ రాత్రులు?

పరకాల_పిల్లగాడు:
మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకటే ముచ్చట. చెరువు, బతుకమ్మ, ఆ రోజులే బాగుండె అని. నాకూ మా ఊరంటే ప్రాణం. కానీ నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్‌ను నిషేధించిన 1992లో నేను ఎనిమిదో తరగతి, నాకు ముందుగా గుర్తొచ్చేది రాత్రి కుక్కలు మొరగగానే అమ్మ కందీలు వత్తి తగ్గించి మా చెల్లె నోటి మీద చెయ్యి పెట్టడం. ఆ పార్టీ అన్నలొచ్చి అన్నం అడిగితే పెట్టకుండా ఉండలేం, తెల్లారి పోలీసులొచ్చి ఎవరు పెట్టిండ్రంటే చెప్పలేం. ఒకసారి బాపును తీసుకుపోయి రెండు రోజులు ఉంచుకున్నారు. ఇదంతా గ్రూపులో రాస్తే ఒక్కరూ మాట్లాడలేదు. నాకొక్కడికే గుర్తుందా?

సన్నజాజి_హన్మకొండ:
గుర్తుంది తమ్ముడూ. టౌన్‌లో కూడా అంతే. 1985 సెప్టెంబరులో పిల్లల డాక్టర్, పౌరహక్కుల నాయకుడు రామనాథం గారిని హన్మకొండలో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పిల్లలకు మందులిచ్చే మనిషికే దిక్కు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? అప్పటినుంచి నాన్న రావడం పావుగంట ఆలస్యమైతే అమ్మ గేటు దగ్గరే నిలబడేది. ఆ గేటు మీది సన్నజాజి పందిరి గురించి మా పిల్లలకు వందసార్లు చెప్పాను. అమ్మ అక్కడ ఎందుకు నిలబడేదో ఇంతవరకు చెప్పలేదు.

నర్సంపేట_పత్తిచేను:
అన్నలు, పోలీసుల భయమొక్కటేనా? 1997-98లో పత్తి మీద లద్దెపురుగు పడ్డప్పుడు ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. అప్పిచ్చేదీ మందులమ్మేదీ పత్తి కొనేదీ ఒక్కడే, ఇంక ఏం మిగులుతుంది? వరంగల్ జిల్లాలో రైతులు ఆ మందే తాగి చనిపోతున్నారని రోజూ వినేవాళ్లం. అమ్మ మందు డబ్బాలు పక్కింట్లో దాచింది. నేనూ మా అన్నా వంతులేసుకుని రాత్రి లేచి బాపు మంచంలో ఉన్నాడా లేడా అని చూసొచ్చేవాళ్లం.

మానుకోట_పెద్దాయన:
మీరన్నవన్నీ నిజమే బిడ్డా, అయినా బాగుండె అనేవాళ్లు అబద్ధం చెప్తలేరు. భయానికే నాలుగిళ్ల ఆడవాళ్లు ఒకే వాకిట్లో పడుకునేటోళ్లు, ఆ ముచ్చట్లు ఎట్ల మరుస్తరు? కానీ నోరు విప్పనోళ్ల ఇండ్లల్ల ఏం జరిగిందో ఒకసారి యాది చేసుకో.

పరకాల_పిల్లగాడు:
రాత్రంతా అదే ఆలోచించాను పెద్దాయనా. మా బ్యాచ్‌లో ఒకడి అన్న దళంలోకి పోయి ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఇంకొకడి బాపును పోలీసు ఇన్ఫార్మరని అన్నలు చంపారు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. గ్రూపులో చెరువు ఫోటోలు అందరికంటే ఎక్కువ పెట్టేది వాళ్లిద్దరే.