విదేశాల్లో ప్రజారోగ్య మాస్టర్స్: ఏ కోర్సు, ఏ దేశం, ఎంత ఖర్చు? మన నెల్లూరు, ప్రకాశం వారి అనుభవాలు

కనిగిరి దంతవైద్యురాలు:

అందరికీ నమస్కారం. నేను బీడీఎస్ పూర్తిచేసి కనిగిరి ప్రాంతంలో పనిచేస్తున్నాను. బడుల్లో దంత పరీక్షలకు వెళ్లినప్పుడు పిల్లల ముందుపళ్ల మీద సున్నం పూసినట్లు తెల్లని చారలు, కొందరికి గోధుమరంగు మచ్చలు, చిన్న గుంటలు కనిపిస్తాయి. నోరు తెరవమంటే తెరిచే పిల్లలే నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటారు. పంటి మీద మచ్చను కప్పడం నా వల్ల అవుతుంది గానీ, నీటిలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్ మచ్చ పడకుండా ఆపాలంటే తాగునీటి దగ్గరే ఆపాలి కాబట్టి ప్రజారోగ్యం చదవాలని నిశ్చయించుకున్నాను. ఒక కన్సల్టెన్సీ వారు అమెరికా విశ్వవిద్యాలయాల జాబితా ఇచ్చి, ర్యాంకు చూసి ఎంచుకోమన్నారు. అందులో ఒకచోట ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అని, మరొకచోట ఎంఎస్‌పీహెచ్ (మాస్టర్ ఆఫ్ సైన్స్ ఇన్ పబ్లిక్ హెల్త్) అని, ఇంకొకచోట ఎపిడెమియాలజీలో, అంటే వ్యాధుల వ్యాప్తిని, కారణాలను పరిశీలించే శాస్త్రంలో, ఎంఎస్ అని ఉంది. తేడా ఏమిటని అడిగితే అన్నీ ఒకటేనన్నారు. చదివినవారు, చదివించినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఒంగోలు వాసి, ప్రస్తుతం అట్లాంటా:

అవి ఒకటి కావు డాక్టర్ గారూ. ఎంపీహెచ్ వృత్తి విద్య. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంక శాస్త్రం), ఎపిడెమియాలజీ, పర్యావరణ ఆరోగ్యం, ఆరోగ్య విధానం, సామాజిక ప్రవర్తన శాస్త్రాలు అన్నీ కొంత కొంత నేర్పి, ఏదైనా ఆరోగ్య శాఖలోనో స్వచ్ఛంద సంస్థలోనో క్షేత్రస్థాయి పని చేయించి పట్టా ఇస్తారు. ఎంఎస్, ఎంఎస్‌పీహెచ్ సాధారణంగా పరిశోధన వైపు మొగ్గుతాయి. తరువాత పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి అవి అనుకూలం. అమెరికాలో ప్రజారోగ్య విద్యకు గుర్తింపునిచ్చే సంస్థ సీఈపీహెచ్. దాని నిబంధన ప్రకారం ఎంపీహెచ్‌కు కనీసం 42 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. విశ్వవిద్యాలయం ఎంత పేరున్నదైనా, మీరు చేరబోయే విభాగానికి ఆ గుర్తింపు ఉన్నదో లేదో సీఈపీహెచ్ వెబ్‌సైటులో మీరే చూసుకోండి.

విదేశీ విద్యార్థి ర్యాంకు కంటే ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. ప్రవేశం ఖాయమయ్యాక విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మొదటి పేజీలో మీ కోర్సు పేరుతో పాటు ఒక సంకేత సంఖ్య ముద్రించి ఉంటుంది. అది 51.2201 అయితే సాధారణ ప్రజారోగ్యం; స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) కోర్సుల జాబితాలో లేదు. 26.1309 అయితే ఎపిడెమియాలజీ, 26.1102 అయితే బయోస్టాటిస్టిక్స్. ఇవి రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. చదువు ముగిశాక అందరికీ 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో అక్కడ పనిచేసే అనుమతి, వస్తుంది గానీ, దాని మీద మరో 24 నెలల పొడిగింపు స్టెమ్ సంకేతం ఉన్నవారికే వస్తుంది. ఎపిడెమియాలజీని ప్రధానాంశంగా తీసుకున్న ఎంపీహెచ్‌ను కూడా కొన్ని విశ్వవిద్యాలయాలు 51.2201 కిందే నమోదు చేస్తాయి, మరికొన్ని 26.1309 కింద చేస్తాయి. కోర్సు పేరు చూసి నిర్ణయానికి రావద్దు. డిపాజిట్ కట్టకముందే ప్రవేశాల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, ఆ సంఖ్య ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి. అప్పు చేసి వచ్చేవారికి ఏడాదికి, మూడేళ్లకు ఉన్న తేడా చిన్నది కాదు.

ఉద్యోగాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2025లో ఫెడరల్ ఆరోగ్య శాఖలో వేలాది ఉద్యోగాలు తొలగించారు, పరిశోధన నిధులకు కోత పడింది, విదేశాలకు సహాయం అందించే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. అనుభవజ్ఞులైన అమెరికన్లు సైతం అవే ఉద్యోగాలకు పోటీ పడుతున్నారు. విశ్వవిద్యాలయాలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ వర్తించదు కాబట్టి, సాస్, ఆర్ వంటి సాఫ్ట్‌వేర్లలో గణాంక విశ్లేషణ బాగా వచ్చినవారికి అక్కడ కొంత దారి ఉంది. ఆరోగ్య ప్రచారం, విధానం వంటి విభాగాలు చదివిన విదేశీయుల పరిస్థితి నేను చూసినంతవరకు కష్టంగానే ఉంది.

నెల్లూరు తండ్రి:

అమ్మా, మా అమ్మాయి రెండేళ్ల ఎంపీహెచ్ చేసింది కనుక డబ్బు సంగతి నేను చెబుతాను. మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు ఉన్న ఆస్తి పొలమో, రొయ్యల చెరువో. విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవు. ఇల్లు, అనుమతి ఉన్న లేఅవుట్‌లో స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ వంటివి అడుగుతారు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు అభిప్రాయం, ఇంజనీరు విలువ కట్టిన పత్రం, ఇవన్నీ చేతికి రావడానికి చాలా సమయం పడుతుంది. ప్రవేశం వచ్చాక మొదలుపెడదామనుకుంటే వీసా తేదీకి అందవు. దరఖాస్తులు పంపే నాటికే బ్యాంకు మేనేజరును కలవండి.

ఎంపీహెచ్‌కు పూర్తి ఆర్థిక సహాయం అరుదు. ఫలానా చోట స్కాలర్‌షిప్ వచ్చిందంటే అది ఫీజులో ఎంత భాగమో, రెండో సంవత్సరం కూడా ఉంటుందో లేదో చూడాలి. తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలకు మించకూడదు. దానితో గది అద్దె, తిండి గడపవచ్చు గానీ ఫీజు కట్టగలమని లెక్క వేసుకోవద్దు. సొంత డబ్బును విదేశీ చదువుకు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది (2026 మార్చి వరకు 5 శాతం, 2026 ఏప్రిల్ నుంచి 2 శాతం), ఆదాయపు పన్ను రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. బ్యాంకు విద్యారుణం నుంచి పంపే సొమ్ముకు 2025 ఏప్రిల్ నుంచి ఆ పన్ను లేదు.

కావలి, ఇంగ్లాండులో చదివి వచ్చాను:

అమెరికా ఒక్కటే దారి కాదని చెప్పడానికి రాస్తున్నాను. బ్రిటన్‌లో మాస్టర్స్ ఒక్క ఏడాదే కాబట్టి మొత్తం ఖర్చు తగ్గుతుంది. అయితే ఆ ఏడాది ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. గణితం వదిలేసి చాలాకాలమైన వైద్య విద్యార్థులు మొదటి టర్మ్‌లో బయోస్టాటిస్టిక్స్ దగ్గర తడబడడం చూశాను. చదువు తరువాత అక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2026 చివరి వరకు దరఖాస్తు చేసేవారికి రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. 2024 జనవరి నుంచి మొదలైన, పరిశోధన కాక తరగతులతో సాగే మాస్టర్స్ కోర్సులకు భార్యాపిల్లలను వెంట తీసుకువెళ్లే వీలు కూడా లేదు. పెళ్లయినవారు దీన్ని ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది. వీసా కోసం చూపించే డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు నిలకడగా ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా తిరస్కరిస్తారు. డాక్టర్ గారికి రెండేళ్ల ఉద్యోగానుభవం ఉంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు తప్పక ప్రయత్నించాలి. చదువయ్యాక స్వదేశానికి తిరిగి వచ్చి రెండేళ్లు ఉండాలన్నది దాని షరతు. తిరిగి రావాలనుకునేవారికి అది భారం కాదు.

కనిగిరి దంతవైద్యురాలు:

తిరిగి రావాలన్నదే నా ఉద్దేశం. అందువల్ల స్టెమ్ కంటే, ఫ్లోరోసిస్ మీద పని నేర్పే అధ్యాపకులు ఉన్నచోటు నాకు ముఖ్యం. దంత ప్రజారోగ్యం విభాగం ఉన్న విశ్వవిద్యాలయాలను వెతకడం సరైనదేనా?

ఒంగోలు వాసి, ప్రస్తుతం అట్లాంటా:

ఇక్కడ జాగ్రత్త అవసరం. అమెరికాలో దంత ప్రజారోగ్యం చూసే ఫ్లోరైడు మన ఫ్లోరైడు కాదు. వారు పిప్పిపళ్లు రాకుండా ఊరి నీటిలో ఫ్లోరైడు కలుపుతారు. 2015 నుంచి అక్కడి సిఫారసు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మనకు భూగర్భంలోని రాళ్ల నుంచే అది నీటిలో దిగుతుంది, మన ప్రమాణాల ప్రకారం 1.0 మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. మీ ప్రశ్న అధిక మోతాదు గురించి కాబట్టి, మీరు వెతకవలసినది పర్యావరణ ఆరోగ్య విభాగం. ఉదాహరణకు కొలంబియా విశ్వవిద్యాలయం వారు బంగ్లాదేశ్ బావుల్లోని ఆర్సెనిక్ అనే విష పదార్థం మీద 2000 నుంచి వేలాది మందిని అనుసరిస్తూ అధ్యయనం చేస్తున్నారు. ఖనిజం వేరైనా, ఏ బావిలో ఎంత ఉంది, ఎవరు ఎంత తాగారు, ఏళ్ల తరబడి ఒంటి మీద ఏ ప్రభావం కనిపించింది అని తేల్చే పద్ధతి మీకు కావలసినదే. అటువంటి పనిచేసే ఆచార్యుల ఇటీవలి వ్యాసాలు ఒకటి రెండు చదివి, వారి విద్యార్థులకు క్షేత్రపని ఎక్కడ దొరుకుతుందో అడుగుతూ వారికే రాయండి. సమాధానం ఇచ్చే తీరును బట్టి ఆ విభాగం గురించి సగం తెలిసిపోతుంది.

పొదిలి, కమ్యూనిటీ మెడిసిన్:

మీ దరఖాస్తు వ్యాసానికి పనికివచ్చే సంగతి ఒకటి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మనుషుల్లో గుర్తించి 1937లో షార్ట్ బృందం ప్రచురించిన తొలి అధ్యయనం నాటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ ఆ నెల్లూరు జిల్లాలోనివే. ప్రజలకు సేవ చేయాలని చిన్ననాటి నుంచి నా కోరిక అన్న వాక్యాలు ఎంపిక కమిటీలు వందల వ్యాసాల్లో చదువుతాయి. తొంభై ఏళ్ల కిందట గుర్తించిన వ్యాధి అదే నేల మీద ఇంకా ఎందుకు ఉంది, ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాక ఎవరికి తగ్గింది, ఏ ఇళ్లలో వంటకు ఇంకా బోరు నీరే వాడుతున్నారు అని మీరు రాస్తే, అది మీరు తప్ప ఇంకొకరు రాయలేని వ్యాసం.

ఇంకొక మాట. తిరిగి రావడమే ఉద్దేశమైతే మన దేశపు కోర్సులను కూడా ఆ జాబితాలో చేర్చి పోల్చండి. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం, చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, హైదరాబాదులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ (ఐఐపీహెచ్) మంచి ఎంపీహెచ్ నడుపుతున్నాయి. వీటిలో ఖర్చు విదేశీ చదువుతో పోల్చదగినది కాదు. ఇక్కడ ఎంపీహెచ్ చేసి, ఒక అధ్యయనం ప్రచురించి, తరువాత నిధులతో కూడిన పీహెచ్‌డీకి విదేశం వెళ్లినవారు నాకు తెలుసు.

కనిగిరి దంతవైద్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. చెన్నై, తిరువనంతపురం కూడా జాబితాలో చేరుస్తాను. ట్రాన్స్‌క్రిప్టులు ఎప్పుడు తెప్పించుకోవాలి?

నెల్లూరు తండ్రి:

ఇప్పుడే, అమ్మా. అమెరికా ఎంపీహెచ్ దరఖాస్తులు చాలావరకు సోఫాస్ అనే ఉమ్మడి వేదిక ద్వారా వెళతాయి. దానికి డబ్ల్యూఈఎస్ సంస్థ చేసే మార్కుల మూల్యాంకనం కావాలి. మీది బీడీఎస్ కాబట్టి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచే ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించాలి. కవరు అంటించిన చోట విశ్వవిద్యాలయం ముద్ర, సంతకం ఉండాలి. దాన్ని మీరు విప్పకూడదు. మార్కుల పత్రాల్లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉన్నదో లేదో విజయవాడ బయలుదేరే ముందే సరిచూసుకోండి. మా అమ్మాయి పత్రాల్లో ఒకచోట పొడి అక్షరం, మరొకచోట పూర్తి ఇంటిపేరు ఉండడంతో, అది సరిచేయించడానికే ఆ ఏడాది మొదటి గడువు దాటిపోయింది.