పిల్లలతో ఆకుకూరల మడి: ఏ పని ఎవరికి ఇవ్వాలి?

ఇద్దరు పిల్లల అమ్మ, కూకట్‌పల్లి
ఇంటి ముందు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు జాగా ఉంది. ఎర్రమట్టి, కొంచెం కంకర. పాపకు 10, బాబుకు 6 ఏళ్లు. మృగశిర కార్తెకల్లా వాళ్లతోనే మడి చేయించాలని ఉంది. ఊరికే మట్టిలో ఆడినట్టు కాకుండా ఏదైనా నేర్చుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బడితోట టీచర్, సికింద్రాబాద్
మేడమ్, వెడల్పు 3 అడుగులు దాటకపోవడం మంచిదైంది. ఆరేళ్ల పిల్లాడి చెయ్యి అడుగున్నర దాకానే అందుతుంది. అందకపోతే మడిలో కాలు పెడతాడు, తొక్కిన మట్టిలో వేరు దిగదు. అందుకని రెండువైపులా నడిచే దారి వదలండి.

తవ్వకముందే, ఒక సెలవురోజు 9కి, 12కి, 3కి నీడ అంచు ఎక్కడుందో ముగ్గుపిండితో గీయించండి. ఆకుకూరలకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. తర్వాత గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి కదల్చకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి చేరుతుంది, ఒండ్రుకు కొన్ని గంటలు పడుతుంది, బంకమన్ను మర్నాటికి గానీ తేరదు. ఆ పొరల్ని పాప స్కేలుతో కొలిచి రాసుకోవాలి.

లెక్క కూడా పాపకే వదిలేయండి. ముప్పావు అడుగు లోతుకు 13.5 ఘనపుటడుగులు, ఒక్కోటి సుమారు 28 లీటర్లు. అంటే 20 లీటర్ల బకెట్‌తో 19 బకెట్లు. కంకర ఏరేసిన మట్టి 13, మాగిన పశువుల ఎరువు 6, పైన కిలో వేపపిండి. పచ్చిపేడ మాత్రం వద్దు. అది కుళ్లేటప్పుడు పుట్టే వేడికి లేత వేళ్లు మాడతాయి, వేరుపురుగూ చేరుతుంది. గడ్డపార పని పెద్దవాళ్లదే.

మిద్దెతోట, ఉప్పల్
విత్తనాలు పిల్లల ఓపికను బట్టి ఎంచండి. బాబుకు మెంతులివ్వండి, వంటింటి డబ్బాలోవే చాలు. రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజులకు మొలుస్తాయి, నెలకు కోతకొస్తాయి. ధనియాలు 10 రోజులు దాటినా కనబడకపోవచ్చు. పైగా ఒక్కో దాంట్లో రెండు గింజలుంటాయి, నలిపి విడదీసి వేయాలి. తోటకూర గింజ ఆవగింజ కన్నా సన్నం. గుప్పెడు ఇసుక కలపకపోతే అంతా ఒకేచోట పడుతుంది, మట్టి మందంగా కప్పితే మొలక పైకి రాలేదు.

పాపతో పాలకూర గింజలు సరిగ్గా 20 లెక్కపెట్టి వేయించండి. 10వ రోజుకు 15 మొలిస్తే 75 శాతం. బళ్లో చెప్పే శాతాలు అప్పుడు కళ్లముందు కనిపిస్తాయి.

ఇద్దరు పిల్లల అమ్మ, కూకట్‌పల్లి
చాలా థాంక్సండీ. బాబు రోజుకు నాలుగుసార్లు నీళ్లు పోసేస్తాడేమో! వద్దంటే అలుగుతాడు.

బడితోట టీచర్, సికింద్రాబాద్
వద్దనకండి, పరీక్ష పెట్టండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చమనండి, తడి తగిలితే ఆ పూట నీళ్లు లేవు. నీళ్లు ఎక్కువైతే మొలకలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతాయి. అది నారుకుళ్లు తెగులు, పట్టిన మొక్క మళ్లీ లేవదు. మగ్గుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయి కాబట్టి లీటరు సీసా మూతకు సన్న మేకుతో పది చిల్లులు పొడిచివ్వండి.

మన దగ్గర వాన పడితే కుండపోతే. దారిలోని మట్టి కూడా పైకెత్తి, మడిని నేలకన్నా 6 అంగుళాలు ఎత్తులో ఉంచండి.

మిద్దెతోట, ఉప్పల్
ఒక్కటి మర్చిపోయాను. ఒత్తుగా మొలిచిన తోటకూరను పలచన చేయాలి, లేకపోతే కాడ సన్నగా సాగి పడిపోతుంది. పీకడానికి పిల్లలకు మనసొప్పదు. పీకినవి పారేయకుండా ఆ పూటే కడిగి పప్పులో వేయించండి.