భూమికి మంచి తిండి ఒంటికీ మంచిదేనా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ

గుణుపురం_అమ్మాయి:
అందరికీ నమస్తే, మాది ఒడిశాలో గుణుపురం. నాన్నకి చాన్నాళ్లుగా సుగర్. భువనేశ్వర్‌లో చదివే తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా మాంసం మానేయండి, పర్యావరణానికీ మంచిది నాన్న సుగర్‌కీ మంచిది అంటాడు, ఓట్సు, కినోవా (బయటి దేశాల గింజలు) అని లిస్టు కూడా పంపాడు. అమ్మేమో ఆదివారం కోడికూర, మధ్యలో ఎండుచేపల పులుసు తప్ప మనం తినీది ఏటుందిరా అంటది. మూడుపూటలా అన్నమే మాకు. నిజంగా లాభం ఉందా, ఉంటే మన వైపు దొరికేవాటితో ఎలా తినాలి? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

రాయగడ_న్యూట్రిషన్:
లాభం ఉందమ్మా, కానీ మీ తమ్ముడు చెప్పేది మాంసం బాగా ఎక్కువ తినే దేశాలకి సరిపోయే సలహా. 2019లో ఈట్-లాన్సెట్ కమిషన్ అని, ఒంటికీ భూమికీ ఏ తిండి మంచిదో చూసిన శాస్త్రవేత్తల బృందం ఒక రిపోర్టు ఇచ్చింది, ప్రపంచమంతా వాళ్లు చెప్పినట్టు తింటే ఏడాదికి దగ్గరదగ్గర 1.1 కోట్ల మంది పెద్దోళ్ల అకాల మరణాలు ఆగుతాయని అంచనా. అందులో మేక, గొర్రె లాంటి ఎర్ర మాంసం రోజుకి 14 గ్రాములే, పప్పుధాన్యాలు 75, పల్లీలు గింజలు 50. మాంసం దగ్గర మీ ఇంటికి పెద్ద సమస్య లేదు, సమస్యంతా తెల్లన్నం దగ్గర. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 2024 గైడ్‌లైన్స్‌లో ధాన్యాల నుంచి వచ్చే క్యాలరీలు 45 శాతం దాటొద్దన్నారు, మూడుపూటలా అన్నమంటే అది ఎప్పుడో దాటిపోద్ది. ఇటు నీళ్లు నిలబెట్టిన వరిమడి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాసు వస్తది, అదే కంది, ఉలవ అయితే వేర్ల బుడిపెల్లో గాలిలో నత్రజని ఎరువుగా మారుద్ది కాబట్టి యూరియా అంత అక్కర్లేదు. ఒక గరిటె అన్నం తగ్గించి ఒక గరిటె పప్పు వేసుకుంటే రెండు పనులూ అయిపోతాయి, కినోవా కొనక్కర్లేదు.

కొండకింద_రైతు:
అమ్మా, చోళ్లు (రాగులు) మర్చిపోయారేటి అందరూ? మన కొండల్లో చోళ్లు, సామలు, కందులు ఒకే చేనులో కలిపి జల్లుతారు, వానే ఆధారం, ఒక పంట పోయినా ఇంకోటి చేతికొస్తది. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలయ్యాక మాండియా, అంటే ఈ చోళ్లే, మద్దతు ధరకి కూడా కొంటున్నారు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైనే, బియ్యంలో 10 దగ్గరే. కాకపోతే సుగర్ ఉన్నాయనకి మెత్తటి పిండితో పల్చగా అంబలి కాసి గ్లాసులకి గ్లాసులు పోసీకండి, సుగర్ తొందరగా పెరిగిపోద్ది. దానికంటే చోడి రొట్టె, సామల అన్నం, పక్కన ఉలవచారు, ఏదో ఒక ఆకుకూర, అలగ పెట్టండి.

పర్లాకిమిడి_అక్క:
అన్నీ బాగున్నాయి గానీ ఎండుచేప, గుడ్డు మాత్రం మాన్పించకు చెల్లీ. బి12 విటమిన్ మొక్కల్లో ఉండదు, మన ఊళ్లలో ఆడపిల్లలకీ కడుపుతో ఉన్నోళ్లకీ రక్తం తక్కువ, వాళ్ల కంచంలో ఉన్న ఆ కాస్త చేప కూడా పర్యావరణం పేరుతో తీసీడం నాకు అస్సలు నచ్చదు. చిన్నచేపలు ముల్లుతో తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తది. బీపీ ఉంటే ఉప్పు పోయేదాకా నీళ్లల్లో నానబెట్టి కడుగు. ఆకుకూరలో నిమ్మకాయ పిండు, తిన్న వెంటనే టీ తాగనీకు, ఐరన్ ఒంటికి పట్టదు.

గుణుపురం_అమ్మాయి:
చాలా థాంక్స్ అండీ అందరికీ. ఒక డౌటు, నాన్నకి కిడ్నీ టెస్టులో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందన్నారు, పప్పు పెంచొచ్చా?

రాయగడ_న్యూట్రిషన్:
అలా అయితే ఆగమ్మా. కిడ్నీ విషయం ఉంటే ప్రొటీన్, పొటాషియం ఎంతవరకో డాక్టరే చెప్పాలి, రిపోర్టులు చూపించాకే పప్పు, ఉలవలు పెంచు. సుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే అన్నం ఒక్కసారిగా తగ్గించకు, సుగర్ బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, డోసు సంగతి కూడా అప్పుడే అడుగు.